నాలుగు లక్షల్లో పెళ్ళి: ఆకుల లెక్కతో మొదలుపెట్టండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్ళి ఖర్చు ఎక్కడ చెయ్యి దాటుతుందో చాలా ఇళ్ళలో పెళ్ళయ్యాక గానీ తెలియదు. పూలదండల దగ్గరా మైకు సెట్టు దగ్గరా వందలకి వందలు బేరమాడతారు. ఆ పక్కనే ఎవరూ లెక్కపెట్టని రెండొందల భోజనాలు అదనంగా లేచిపోతాయి. చిన్న బడ్జెట్ పెళ్ళిని నిలబెట్టేది మూడు నిర్ణయాలు: ఎన్ని ఆకులు వెయ్యాలి, ముహూర్తం ఏ వేళకి, ఏది ఎవరి ఖర్చు. మిగతావన్నీ ఈ మూడింటి వెనకే వస్తాయి.

ముందు డబ్బు, తర్వాతే పంతులుగారు

ముహూర్తం పెట్టించకముందే ఇంట్లోవాళ్ళు కూర్చుని చేతిలో ఉన్న సొమ్ము ఎంతో ఒక కాగితం మీద రాయండి. బ్యాంకులో ఉన్నది, పాడుకోబోయే చీటీ, అమ్మబోయే పంట, అన్నదమ్ములు కచ్చితంగా ఇస్తామన్నది మాత్రమే అందులోకి రావాలి. చదివింపులు అందులో రాయకండి. అవి పెళ్ళయ్యాక వస్తాయి, పైగా అవి తిరిగి తీర్చాల్సిన బాకీ. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీకే పోతుంది. అప్పు తప్పదనుకుంటే ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో పెట్టండి, లేదంటే డ్వాక్రా సంఘం ద్వారా తీసుకోండి. ఈ రెండింటి వడ్డీ ఊళ్ళో వడ్డీకన్నా చాలా తక్కువ.

మొత్తంలో పదో వంతు తీసి పక్కన పెట్టండి. దాన్ని ఏ పద్దులోకీ పంచకూడదు. వానొచ్చినా, జనరేటరు ఆగినా, ఇంకో బస్సు కావాల్సొచ్చినా ఆదుకునేది అదే.

బంగారం కాకుండా నాలుగు లక్షలున్నాయనుకుందాం. 40,000 పక్కన పెడితే మిగిలిన 3,60,000 పంచుకోవడానికి ఒక నమూనా ఇది. మీ ఊళ్ళో ధరలు కనుక్కుని అంకెలు మార్చుకోండి.

భోజనాలు 80,000
చోటు, పందిరి, అలంకరణ, లైట్లు, జనరేటరు 70,000
బట్టలు, పెట్టుబడులు (బంధువులకి పెట్టే బట్టలు) 90,000
పురోహితుడు, మేళం, పెళ్ళి సామాను 30,000
ఫోటో, వీడియో 40,000
సారె 25,000
బస్సులు, కార్లు 20,000
శుభలేఖలు, పిలుపులు 5,000

కట్నానికి ఇందులో గడి లేదు. 1961 నాటి చట్టం ప్రకారం ఇచ్చేవారిదీ నేరమే, పుచ్చుకునేవారిదీ నేరమే. పెళ్ళికూతురు ఇల్లు అప్పులపాలయ్యేది కూడా ఎక్కువగా అక్కడే.

ఆకుల లెక్క

మనుషుల్ని కాదు, ఆకుల్ని లెక్కపెట్టండి. ఒక మనిషి రెండు పూటలు తింటే రెండాకులు. రెండు టిఫిన్లు కలిపి ఒక ఆకు కింద వేసుకోవచ్చు.

పిలిచేవాళ్ళ జాబితా మూడు వరుసల్లో రాయండి. మొదటి వరుసలో రక్తసంబంధీకులు, వియ్యాలవారి వైపువాళ్ళు. వీళ్ళని ఇంటిల్లిపాదినీ లెక్కలోకి తీసుకోవాలి. రెండో వరుసలో ఊరివాళ్ళు, వీధివాళ్ళు. వీళ్ళలో ఇంటికొకరిని పిలుస్తున్నారా, అందర్నీ రమ్మంటున్నారా అన్నది ముందే తేల్చుకోవాలి. లెక్క తప్పేది ఇక్కడే. బొట్టుపెట్టి పిలవడానికి వెళ్ళిన పెద్దమ్మ మొహమాటానికి "అందరూ రావాలమ్మా" అన్నదంటే ఆ గడపకి ఒకాకు నాలుగవుతుంది. పిలవడానికి వెళ్ళేవాళ్ళకి ఏ గడపలో ఏం చెప్పాలో చెప్పి మరీ పంపండి. మూడో వరుసలో ఆఫీసువాళ్ళు, స్నేహితులు. వీళ్ళలో సగంమంది వస్తారనుకుంటే చాలు.

పగటి ముహూర్తమా, రాత్రి ముహూర్తమా

మొత్తం ఖర్చులో పెద్ద తేడా తెచ్చే నిర్ణయం ఇదొక్కటే. 300 మంది వచ్చే పెళ్ళి తీసుకోండి. అర్ధరాత్రి దాటాక ముహూర్తమైతే రాత్రి భోజనం 300 ఆకులు, పొద్దున్న 150 టిఫిన్లంటే 75 ఆకులు, మధ్యాహ్నం ఆగినవాళ్ళకి 200. మొత్తం 575. ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య ముహూర్తమైతే 80 టిఫిన్లకి 40 ఆకులు, మధ్యాహ్నం 300. మొత్తం 340. ఆకు 200 రూపాయలనుకుంటే తేడా 47,000. పడుకోబెట్టడానికి గదులు, పరుపులు, రాత్రంతా నడిచే జనరేటరు డీజిలు దీనికి అదనం. పై నమూనాలో భోజనాలకి రాసిన 80,000 పగటి ముహూర్తానికే సరిపోతుంది: ఆ 340 ఆకులు, ముందురోజు పెళ్ళికూతుర్ని చేసినప్పుడు దగ్గరివాళ్ళకి మరో 60.

అందుకే పంతులుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు "మంచి ముహూర్తం పెట్టండి" అని ఊరుకోకుండా "పగటిపూట లగ్నాలు ఏమున్నాయో చూడండి" అని అడగండి. ఇద్దరి నక్షత్రాలకీ కుదిరే పగటి లగ్నాలు రెండు మూడైనా చూపిస్తారు. ఆదివారమూ కాకుండా, జిల్లా అంతా పెళ్ళిళ్ళున్న రోజూ కాకుండా చూసుకుంటే మండపం దగ్గరా, వంటవాళ్ళ దగ్గరా బేరానికి చోటుంటుంది. ఒకే రోజు ఊరికి పది పెళ్ళిళ్ళుంటే పేరున్న వంటవాడు మీకు దొరకడు, అతని శిష్యుడొస్తాడు.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులు పోతే మిగిలిన కాలంలో రుతువు కూడా చూసుకోవాలి. మన తీరానికి అక్టోబరు భయం ఉంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న ఉద్దానం మీద పడింది. అక్టోబరు, నవంబరు ముహూర్తమైతే షామియానాని నమ్ముకోకండి. స్లాబు ఉన్న చోటే మాట్లాడుకోండి. వైశాఖం, జ్యేష్ఠంలో బాధ వేరు. పెరుగు పులుస్తుంది, మంచినీళ్ళు ఒకటిన్నర రెట్లు కావాలి, పదకొండు దాటితే రేకుల షెడ్డు కింద ఎవరూ కూర్చోలేరు.

రెండిళ్ళ మధ్య ఒక కాగితం

పెళ్ళి ఎవరింట చెయ్యాలన్నది మన వైపు కులాన్నిబట్టీ, ఊరినిబట్టీ మారుతుంది. ఎక్కడ చేసినా తాంబూలాలు పుచ్చుకున్న రోజునే ఒక కాగితం మీద రాసుకోవాలి. మండపం ఎవరిది, ఏ పూట భోజనం ఎవరిది, అటు నుంచి ఎంతమంది వస్తారు, వాళ్ళ బస్సు ఎవరు పెట్టాలి, మధుపర్కాలు, తలంబ్రాల బియ్యం, బాసికాలు, అయిరేణి కుండలు ఎవరు తేవాలి, ఆడపడుచు లాంఛనం ఎంత. రాయడమంటే నమ్మకం లేకపోవడం కాదండి. రాయకపోతే ఒక వస్తువు రెండిళ్ళవాళ్ళూ కొంటారు, ఇంకోటి ఎవరూ తేరు. ముహూర్తం దగ్గరపడ్డాక బజారుకి పరుగెడితే రెట్టింపు ధర.

అటు నుంచి వచ్చేవాళ్ళ సంఖ్య మాత్రం పదిరోజుల ముందు ఇంకోసారి అడగండి. తాంబూలాలనాడు వంద అన్నది పెళ్ళినాటికి నూటయాభై అవుతుంది.

చోటు

ఇంటిముందు ఖాళీ ఉండి, వీధి కాస్త వెడల్పుగా ఉంటే సొంత ఇంటి పందిరి అన్నిటికన్నా చవక. పెళ్ళిరాట వేసి, తాటాకు పందిరి వేయించుకుంటే చల్లగానూ ఉంటుంది. తాటాకు పందిట్లో వంట మాత్రం వద్దు. పొయ్యిలకీ పందిరికీ మధ్య కనీసం ఇరవై అడుగుల ఎడం ఉండాలి. ఊళ్ళో సామాజిక భవనం, పట్టణంలో మునిసిపల్ హాలు తర్వాతి మెట్టు. ప్రైవేటు కల్యాణ మండపం ఆఖరు.

మండపం మాట్లాడేటప్పుడు అద్దె ఒక్కటే అడిగితే మోసపోతాం. అద్దె ఎన్ని గంటలకి, కరెంటు మీటరు రీడింగు విడిగా వేస్తారా, జనరేటరు గంటకి ఎంత, వంటపాత్రలు వాళ్ళవేనా, నీళ్ళ ట్యాంకరు ఎవరిది, శుభ్రం చేసినందుకు ఎంత, బయటి వంటవాళ్ళని రానిస్తారా, అలంకరణ వాళ్ళ మనిషిచేతే చేయించాలా. ఆఖరి రెండింటికీ జవాబు నచ్చకపోతే అద్దె తక్కువైనా వదిలేయండి. తగ్గించిన అద్దె అక్కడ వసూలు చేసుకుంటారు. బయానా ఇచ్చినప్పుడు తేదీ, గంటలు, ఇచ్చిన మొత్తం రాసిన రసీదు తీసుకోండి. మీటరు రీడింగు తాళాలు తీసుకునేటప్పుడూ, తిరిగి ఇచ్చేటప్పుడూ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

దగ్గరివాళ్ళు యాభై మందితో చాలనుకుంటే గుడిలో పెళ్ళి ఉంది. మన వైపువాళ్ళు సింహాచలం, అన్నవరం వెళ్ళి చేసుకోవడం మామూలే. అక్కడ మండపమూ భోజనమూ చిన్న లెక్కలో తేలిపోతాయి. కానీ తిరిగొచ్చాక ఊళ్ళో మళ్ళీ నాలుగొందల మందికి విందు పెట్టే ఆలోచన ఉంటే మిగిలిందేమీ ఉండదు.

వంట

పద్ధతులు రెండు. ప్లేటు లెక్కన క్యాటరింగుకి ఇవ్వడం ఒకటి. సరుకులు మనమే కొని వంటవాళ్ళకి కూలి ఇవ్వడం రెండోది. రెండోదానిలో ఖర్చు బాగా తగ్గుతుంది, అయితే రెండు రోజులు అదే పనిమీద ఉండే నమ్మకమైన మనిషి ఒకరు కావాలి. అలాంటి మేనమామో, బాబాయో లేకపోతే క్యాటరింగే మేలు. కాపలా లేని వంటశాలలో మిగుల్చుకున్నది అక్కడే పోతుంది.

క్యాటరింగు అయితే కనీసం ఎన్ని ప్లేట్లకి డబ్బు కట్టాలో తక్కువ చేసి రాయించుకోండి. 300 అనుకుంటే 250కి మాట ఇచ్చి, పై యాభైకి అదే ధర అని ఒప్పించండి. ఆకుల కట్టలు మీ మనిషి చేతిలో ఉంచుకుని లెక్కతో ఇస్తే బిల్లు దగ్గర తగువు రాదు.

వంటవాళ్ళని పెట్టుకుంటే వాళ్ళిచ్చే సరుకుల చిట్టా ఎప్పుడూ కాస్త పెద్దదే ఉంటుంది. తక్కువైతే తమ పేరు పోతుందని వాళ్ళ భయం. 100 మందికి మధ్యాహ్న భోజనానికి సరిపోయే కొలతలు ఇవి:

అన్నానికి బియ్యం 9 కిలోలు, పులిహోరకి 3 కిలోలు
పప్పుకి కందిపప్పు 3 కిలోలు
పనసపొట్టు 7 కిలోలు
వంకాయ లేదా దొండకాయ వేపుడుకి 10 కిలోలు
దప్పళానికి గుమ్మడికాయతో కలిపి ముక్కలు 8 కిలోలు
బూరెలకి శెనగపప్పు 3 కిలోలు, బెల్లం 3 కిలోలు, తోపుకి (పూర్ణం ముంచే పిండికి) మినపప్పు 1 కిలో, బియ్యం 2 కిలోలు
నూనె 7 లీటర్లు, నెయ్యి 1 కిలో, పెరుగు 12 లీటర్లు
అప్పడాలు 120, తాగడానికి 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు 4, ఎండాకాలంలో 6

శెనగపప్పు కిలోకి బెల్లం కిలో వేస్తే డెబ్భై పైచిలుకు బూరెలొస్తాయి. మనిషికి రెండు చొప్పున 100 మందికి ఈ కొలత చాలు. నాన్‌వెజ్ పెట్టే ఇళ్ళలో కోడిమాంసం 100 మందికి 18 నుంచి 20 కిలోలు తీసుకుని, కూరలు ఒకటి తగ్గించాలి. పనసపొట్టూ కోడికూరా రెండూ పెడితే పనసపొట్టు మిగిలిపోతుంది.

కొనే చోటు కూడా చూసుకోవాలి. జీడిపప్పు పలాసలో గుండు తీసుకోనక్కర్లేదు. కూరలోకీ బూరెలోకీ బద్ద, ముక్క చాలు, ధర బాగా తగ్గుతుంది. కొబ్బరికాయలు ఉద్దానం వైపు బంధువులుంటే తోటల దగ్గరే కొనిపించండి. పనసపొట్టు లేతకాయల కాలంలో, అంటే మాఘం నుంచి వైశాఖం దాకా చవకగా ఉంటుంది. మిగతా రోజుల్లో దాని చోట అరటికాయ ఆవపెట్టి చెయ్యొచ్చు, రుచికి ఏమీ తక్కువ కాదు. కిరాణా కొట్లో కొనేముందే "విప్పని ప్యాకెట్లు వాపసు తీసుకోవాలి" అని మాట తీసుకోండి, బిల్లు మీద రాయించుకోండి.

ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. ఆవపిండి వేడి కూరలో కలిపితే చేదెక్కుతుంది. పనసపొట్టు పూర్తిగా చల్లారాకే కలపాలి. పూర్ణం తడిగా ఉన్నా, తోపు పల్చనైనా బూరె నూనెలో పేలుతుంది, నూనె మొత్తం పాడవుతుంది. ముందుగా రెండు వేసి చూడమనండి. ఎండాకాలంలో రాత్రి తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నానికి పులుస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి తోడుపెట్టాలి.

అన్నం సంగతి విడిగా చెప్పాలి. పెళ్ళిళ్ళలో ఎక్కువగా పారబోసేది అన్నమే. బియ్యం మొత్తం ఒకేసారి వండనివ్వకండి. ఐదో వంతు బియ్యం కడగకుండా ఉంచి, పక్కన ఎసరు మరుగుతూ ఉంచమనండి. రెండో బంతి కూర్చునేసరికి ఎంతమంది ఉన్నారో కంటికి కనిపిస్తుంది. కావాలంటే అరగంటలో అన్నం దిగుతుంది, అక్కర్లేకపోతే బియ్యం బస్తా ఇంటికొస్తుంది.

బఫే కన్నా పంక్తి భోజనంలో వృథా తక్కువ, పెద్దవాళ్ళకి మర్యాదగానూ ఉంటుంది. కానీ వడ్డించే చేతులు కావాలి. పదిహేను ఆకులకి ఒకరు చొప్పున, 100 మంది బంతికి ఏడుగురు. బంతికి నలభై నిమిషాలు పడుతుంది. 300 మందికి మూడు బంతులంటే రెండు గంటలు. పెళ్ళికొడుకువాళ్ళని మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి. మాట వచ్చేది వంట మీద కన్నా అక్కడే ఎక్కువ.

గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే తెప్పించాలి. ఇంటి సిలిండరు ఇలాంటి వంటకి వాడకూడదు. 300 మందికి రెండు, పక్కన ఇంకొకటి.

బట్టలు, పెట్టుబడులు

పెళ్ళికూతురి చీరల దగ్గర ఖర్చు దాటదు. దాటేది పెట్టుబడుల దగ్గర. చీరలు ఎవరికి, రవికెగుడ్డ ఎవరికి, పంచెలచాపు ఎవరికి అన్నది పేర్లతో రాసుకుని మరీ బజారుకి వెళ్ళండి. ఒక వరుసవాళ్ళందరికీ ఒకే ధరలో కొనాలి. పెద్దత్తకి ఒకటి, చిన్నత్తకి ఇంకోటి కొంటే పెళ్ళైన పదేళ్ళకీ ఆ మాట పోదు. మీరు పెట్టే బట్టల్లో సగం మీకు తిరిగొస్తాయి కాబట్టి వియ్యాలవారితో మాట్లాడి రెండు వైపులా తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్ళు, మేనమామలతో ఆపేస్తే ఇద్దరికీ హాయి. మిగతావాళ్ళకి పసుపు, కుంకుమ, తాంబూలంతో రవికెగుడ్డ గౌరవంగానే ఉంటుంది.

శ్రావణంలో పెళ్ళైతే ఆషాఢం తగ్గింపుల్లో బట్టలు కొనేయండి. ఇరవై చీరలు దాటితే నరసన్నపేట లాంటి చోట టోకు కొట్లలో అడగాలి. జాకెట్లు కుట్టించడానికి నెల ముందే ఇవ్వండి. ఆఖరి వారం కుట్టుకూలి పెరుగుతుంది, కొలతా తప్పుతుంది.

సారెలోకి స్టీలు సామాను గుట్టలుగా కొనడం కన్నా బుడితి ఇత్తడిలో ఒక బిందె, ఒక దీపపు కుందె తీసుకుంటే తరతరాలు ఉంటాయి. చలిమిడి, కజ్జికాయలు, సున్నుండలు ఇంట్లో ఆడవాళ్ళు కలిసి చేస్తే మిఠాయి కొట్టు ఖర్చులో సగం కూడా కాదు.

బంగారం

ఎంత కొనాలన్నది మీ ఇష్టం. బిల్లు చదవడం మాత్రం నేర్చుకోండి. 22 క్యారెట్ల నగ మీద 916 గుర్తూ, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ నంబరూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని హాల్‌మార్కు నగ కొట్టువాళ్ళు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ వివరాలు వస్తాయి. గ్రాము ధర అన్ని కొట్లలో ఇంచుమించు ఒకటే. తేడా అంతా తరుగులో ఉంటుంది. 20 గ్రాముల నగకి 14 శాతం తరుగంటే 2.8 గ్రాముల ధర, 8 శాతమంటే 1.6 గ్రాములది. నగిషీ ఎక్కువైతే తరుగు ఎక్కువ. రాళ్ళ బరువు తీసేసి తూచమనండి. బిల్లు మీద 3 శాతం జీఎస్‌టీ ఉంటుంది. "బిల్లు లేకుండా అది తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి, రేపు మార్చబోతే ఆ నగకి దిక్కు ఉండదు.

మేళం, ఫోటోలు, బస్సు

పురోహితుడితో సహాయకుల సంభావనతో సహా ఒకే మొత్తం మాట్లాడుకుని, సామాను చిట్టా ఆయన చేతే రాయించుకోండి. సన్నాయి మేళం నలుగురు చాలు. డీజే, బ్యాండు వద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు మోగించకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది.

ఫోటోగ్రాఫరుతో ఆల్బంలో ఎన్ని షీట్లు, ఎన్ని కెమెరాలు, అన్ని ఫోటోలూ పెన్‌డ్రైవులో ఇస్తారా అన్నది రాయించుకోండి. మూడో వంతు డబ్బు ఆల్బం చేతికొచ్చాకే ఇవ్వండి. ముందే మొత్తం ఇచ్చేస్తే ఆల్బం పాప పుట్టాక వస్తుంది. డ్రోను, పెళ్ళికి ముందు షూటింగు చిన్న బడ్జెట్‌లో పెట్టనే కూడదు.

బస్సుకి సీట్లు లెక్కపెట్టి మాట్లాడండి. ఆర్టీసీ కూడా పెళ్ళిళ్ళకి బస్సులు అద్దెకిస్తుంది. ప్రైవేటు వాళ్ళతో ధర పోల్చేటప్పుడు డ్రైవరు బత్తా, నిలిపి ఉంచిన గంటలు కలిపే అడగండి. శుభలేఖలు పెద్దవాళ్ళకీ, దగ్గరివాళ్ళకీ 100 అచ్చువేయిస్తే చాలు, మిగతావి ఫోన్లో పంపొచ్చు.

ఆ రోజు, ఆ తర్వాత

డబ్బు సంచి ఒక్కరి చేతిలోనే ఉండాలి. పెళ్ళికూతురి తండ్రి చేతిలో మాత్రం వద్దు, ఆయన పీటల మీద కూర్చోవాలి. ఎవరికి ఎంత బయానా ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి అన్న ఒక్క పేజీ కాగితం ఆ సంచిలోనే పెట్టండి. చిల్లరగా 100, 200 నోట్లు ఐదువేలకి తెచ్చుకోండి. పందిట్లో చిన్న చిన్న ఈనాములు అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు.

మర్నాడు ముగ్గురు కూర్చుని మిగిలిన ఆకుల కట్టలు, వాపసు సరుకులు, మీటరు రీడింగు తేల్చి బాకీలు అదేరోజు తీర్చేయండి. వారంలోగా పెళ్ళి రిజిస్ట్రేషను పని పెట్టుకోండి. ఇద్దరి వయసు ధ్రువపత్రాలు, ఆధార్, శుభలేఖ, తాళి కట్టేటప్పటి ఫోటో, సాక్షులతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండి ఉండాలి. శుభలేఖలో పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అచ్చువేయిస్తే అక్కడ తిరగాల్సిన పని ఉండదు.

చదివింపుల పుస్తకం ఎవరో ఒకరు మంచి చేతిరాతతో, ఇంటిపేరూ ఊరూ కలిపి రాయాలి. ఆ పుస్తకం పేజీలు ఫోటోలు తీసి పిల్లలకీ పంపండి. చదివించినవాళ్ళ ఇంట్లో పెళ్ళి జరిగిన రోజున మీరు ఎంత చదివించాలో చూసుకోవడానికి మళ్ళీ తెరవాల్సింది దాన్నే.